శీలావతి చెరువులో పరిగెలు: ఉండి కాలువ కింద మా ప్రాజెక్టు డైరీ

రోహిణి కార్తె

కాలువ కట్టేసి చాలా రోజులైంది. బాబాయి గారి నాలుగెకరాల చెరువు పట్టుబడి పూర్తయింది. శీలావతి, బొచ్చె ఐసు వేసిన ప్లాస్టిక్ ట్రేలలో సర్దుకుని లారీలెక్కి హౌరా దారి పట్టాయి. చెరువు అడుగున గుంటల్లో మోకాలి లోతు నీళ్ళు మిగిలాయి. మా పని అక్కడ మొదలవుతుంది.

ఈ నీళ్ళల్లో మిగిలినవాటిని ఇక్కడ కలుపు చేపలంటారు. పరిగెలు, మోలా, వాటిలో కలిసిపోయిన రకరకాల చిన్న చేపలు. వాటితో పాటు కొర్రమీను, మట్టగిడస, వాలుగ. కొత్త పంటకు ముందు వీటన్నిటినీ చంపడానికి ఇప్పపిండి, అంటే నూనె తీసిన ఇప్పగింజల చెక్క, చల్లుతారు. మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,500 కిలోలు, అంటే ఎకరాకు టన్ను లెక్క. అందులో ఉండే సాపోనిన్ చేప రక్తకణాలను పగలగొడుతుంది. రెండు మూడు వారాల్లో విషం విరిగిపోయి పిండి ఎరువుగా మారుతుంది. వాలుగ, కొర్రమీను పోవాల్సిందే, ఉంటే పెద్ద చేపల పిల్లలను మింగేస్తాయి. కానీ వాటితో పాటు ఎవరి జోలికీ పోని వేలెడు పరిగె కూడా పోతోంది. ఆ పరిగెను బతికించుకుని శీలావతి చెరువులోనే రెండో పంటగా తీయాలన్నది మా ప్రయత్నం.

మేమంటే నేను, మత్స్యశాఖలో పనిచేసి రిటైరైన మాస్టారు, మా ఊరి డ్వాక్రా గ్రూపులో చేపల పని తెలిసిన ఆడవాళ్ళు, చెరువిచ్చిన బాబాయి గారు. ఆయన నాకు రక్తసంబంధం కాదు, ఊరి వరస.

ఈ ఆలోచన మాది కాదని ముందే రాసుకోవాలి. బంగ్లాదేశ్‌లో ఇంటి చెరువుల్లో పెంపుడు చేపలతో పాటు మోలాను పెంచే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. చిన్న చేపల పోషక విలువల మీద, వాటిని చెరువుల్లో పెంచడం మీద చేసిన కృషికి శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. 100 గ్రాముల మోలాలో విటమిన్ ఏ 2,500 మైక్రోగ్రాములకు పైనే ఉంటుంది. శీలావతిలో అది నామమాత్రం. మన పరిగెలో విటమిన్ ఏ మోలా అంత ఉండదు కానీ ముల్లుతో సహా నమిలి తింటాం కాబట్టి కాల్షియం బాగా అందుతుంది.

మరి గోదావరి డెల్టాలో దీని అవసరమేమిటని బాబాయి గారే అడిగారు. "చేపలకేం తక్కువండీ మనకి?" అన్నారు. నిజమే, దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ప్రపంచం మొత్తం మీద చూసినా 2022లో పెంపకం ద్వారా వచ్చిన చేపలు, రొయ్యలు తొలిసారి వేటలో దొరికినవాటిని దాటాయి, 51 శాతం వాటాతో. కానీ మా ఊళ్ళో చెరువులు పెరిగిన కొద్దీ కూలీల ఇళ్ళల్లో చేప తగ్గింది. వరి చేలున్నప్పుడు పంటబోదెల్లో చేపలు పట్టే మావులు పెట్టేవారు, మడుగుల్లో ఊతలేసేవారు. డబ్బు పెట్టకుండా కూరకు సరిపడా చేప వచ్చేది. చేలు చెరువులయ్యాయి, మిగిలిన చేలల్లో పురుగుమందు పెరిగింది, బోదెలు పూడిపోయాయి. చెరువులో చేప మాత్రం గట్టు దాటి లారీలోకే పోతుంది. ఉత్పత్తి పెంచాలని మాట్లాడేవాళ్ళు ఈ లెక్క కూడా చూడాలని నా పట్టుదల.

రోహిణి, రెండో వారం

తెల్లవారకముందే దిగాం. ఎండెక్కితే ఈ చిన్న చేపలు చేతిలోనే చచ్చిపోతాయి. పొలుసు ఊడిందంటే ఇక బతకదు. దోమతెర గుడ్డతో కుట్టిన లాగుడు వల మెల్లగా తిప్పి, నీళ్ళల్లోంచి పైకి తీయకుండానే బిందెలతో ముంచి హాపాలోకి వదిలాం. హాపా అంటే నాలుగు కర్రలకు కట్టిన వల తొట్టి. దాన్ని పక్కనున్న చిన్న నర్సరీ చెరువులో కట్టాం. కొర్రమీను పిల్లలు కూడా పరిగెల్లో కలిసిపోయి వస్తాయి. ఒక్కటి మిగిలినా మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి ఆడవాళ్ళు కూర్చుని ఒక్కొక్కటిగా ఏరారు. ఈ ఏరుడు పని వాళ్ళకొచ్చినట్టు మాకు రాదు. తోక ఊపే తీరు చూసి పక్కకు తీసేస్తున్నారు.

గుంటల్లో మిగిలిన నీళ్ళకు ఇప్పపిండి, అడుగుకు సున్నం బాబాయి గారు మామూలుగానే వేయించారు. అందులో మేం జోక్యం చేసుకోలేదు.

మృగశిర కార్తె

కాలువకు నీళ్ళు వదిలారు. ధవళేశ్వరం నుంచి మా తూము దాకా రావడానికి పట్టే సమయం కూడా ఈసారి ఓపిక పట్టలేకపోయాం. తూము నోటికి రెండు పొరల సన్న వల బిగించాం, కాలువ నీళ్ళతో వాలుగ పిల్ల మళ్ళీ రాకుండా. చెత్త అడ్డుపడి వల ఉబ్బిపోతోంది, గంటకోసారి దులపాలి. రాత్రి కాపలా కుర్రాడికి ఆ పని అప్పజెప్పాం.

గట్టు చుట్టూ గడ్డి చెక్కించడం ఇక్కడి అలవాటు. ఈ చెరువుకు తూర్పు గట్టు పొడవునా మూడడుగుల మేర గడ్డి వదిలేయమని అడిగాం. పరిగె, మోలా గుడ్లు పెట్టేది ఆ లోతులేని గడ్డి అంచులోనే. "పాములొస్తాయండీ" అని మేత కట్టే కుర్రాడు భయపడ్డాడు. అతని భయం న్యాయమైనదే. పడవ ఎక్కే రేవు పడమట గట్టుకు మార్చాం.

ఆరుద్ర కార్తె

నీరు ఆకుపచ్చ తిరిగింది. హాపాలోని పరిగెలు, మోలాను పెద్ద చెరువులోకి వదిలేశాం.

పునర్వసు

శీలావతి పిల్ల వచ్చింది. మన దగ్గర వేలెడు పిల్లను నేరుగా చెరువులో వేయరు. ఏడాది పాటు ఇరుకు నీళ్ళల్లో ఒత్తుగా పెంచి, ఎదుగుదల ఆపి, పావుకిలో దాకా వచ్చినదాన్ని పెద్ద చెరువులోకి మారుస్తారు. కొత్త నీళ్ళల్లో పడగానే అది ఒక్కసారి ఎదుగుతుంది. మా పనికి ఇది కలిసొచ్చింది. పావుకిలో చేపకు పరిగె పోటీ కాదు, పరిగెకు దాని వల్ల ప్రమాదం లేదు. బొచ్చె మాత్రం పైనీటిలో సూక్ష్మజీవులను తింటుంది, మోలా తినేదీ అక్కడే. అందుకని బొచ్చె తగ్గించి ఎక్కువ భాగం శీలావతే వేశాం. డెల్టాలో రైతులు చేసేదీ అదే కాబట్టి బాబాయి గారిని ఒప్పించాల్సిన పని పడలేదు.

ఒప్పించాల్సి వచ్చింది మేత దగ్గర. ఇక్కడ నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క కలిపి, అడుగున చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, కర్రలకు వరసగా కడతారు. చేప వచ్చి సంచిని ముట్టెతో పొడుచుకుని తింటుంది. నీళ్ళల్లో వృథా తక్కువ. గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు అనుభవంతో పట్టుకున్న పద్ధతి ఇది, నాకు దీని మీద ఎంతో గౌరవం. అయితే సంచి చిల్లుల దగ్గర పరిగెలు మూగుతున్నాయి. బాబాయి గారు పడవలోంచి చూపించి, "ఇదుగో, నా తవుడు తింటున్నాయి చూడండి" అన్నారు. తింటున్నాయి. దాయడానికేం లేదు.

మాస్టారు ఒక ఒప్పందం పెట్టారు. పక్కనే బాబాయి గారి తమ్ముడి చెరువుంది. అదే సైజు పిల్ల, అదే తవుడు, అందులో పరిగెలు లేవు. రెండు చెరువులకూ మేత పుస్తకం రాయాలి, నెలకోసారి శాంపిల్ వల వేసి రెండింటా తూకం చూడాలి. ఈ చెరువులో శీలావతి వెనకబడితే పరిగెల డబ్బు పూర్తిగా రైతుకే. వెనకబడకపోతే పట్టేవాళ్ళకు సగం. పుస్తకం చెరువు దగ్గరి మకాంలో మేకుకు వేలాడుతోంది, ఎవరైనా తీసి చూడొచ్చు.

ఆశ్లేష

గడ్డి అంచున కళ్ళు తప్ప ఏమీ కనబడనంత సన్న పిల్లలు. గ్లాసుతో ముంచి వెలుతురులో చూశాం. ఈ చేపలకు హ్యాచరీ అక్కర్లేదు, ఇంజెక్షన్లు అక్కర్లేదు, వానాకాలంలో వాటంతట అవే ఒకటికి రెండు మూడు సార్లు పిల్ల పెడతాయి. పేద రైతుకు, పేద దేశానికి ఇంతకంటే పనికొచ్చే గుణం ఏ చేపకూ లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. విత్తనం కొనక్కర్లేని పంట ఎన్ని చెరువులకైనా పాకుతుంది.

నీటికాకులు మొదలయ్యాయి. తూర్పు గట్టు మీద దారాలు కట్టాం.

మఘ కార్తె

శీలావతికి పేను పట్టింది. డెల్టాలో ఏ రైతునడిగినా ముందు చెప్పే బాధ ఇదే. చేప సంచి దగ్గరకు రాదు, కర్రలకు ఒళ్ళు రాసుకుంటుంది, నీళ్ళపైకి ఎగిరి పడుతుంది. పట్టి చూస్తే రెక్కల మొదట్లో పప్పుబద్దంత పేలు, చుట్టూ ఎర్రటి మచ్చలు. ఇలాంటప్పుడు మందుల షాపుకెళ్ళడం, పైరిత్రాయిడ్ రకం పురుగుమందు తెచ్చి నీళ్ళల్లో కొట్టడం మామూలే. వారంలో పేను రాలుతుంది, నెలకు మళ్ళీ వస్తుంది, మళ్ళీ కొడతారు.

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. పెద్ద చేపను కోసి, పేగులు, మొప్పలు తీసి పారేస్తాం. లారీలో పోయిన శీలావతి ఎవరి కంచంలో పడుతుందో మనకు కనబడదు కూడా. పరిగెను తల, ముల్లుతో సహా తింటారు. మోలాలో ఉన్న విటమిన్ ఏలో చాలా భాగం దాని కళ్ళల్లో, పేగుల్లో ఉంటుంది, కాబట్టి మేలు కావాలంటే అవీ తినాలి. అంటే చెరువులో మనం కొట్టిన ప్రతి మందూ నేరుగా పిల్లల నోట్లోకి వెళ్ళే దారి తెరుచుకున్నట్టే. పోషకాహారం అని చెప్పి మందు పెట్టలేం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి యాంటీబయాటిక్స్ చేపల పెంపకంలో ఎప్పుడో నిషేధించారు, వాటి ఊసే లేదు. మిగతా మందులకు కూడా ఈ చెరువులో చోటు ఉండకూడదని మేం అన్నాం.

బాబాయి గారికి టెన్షన్ పట్టుకుంది. చేప మేత మానేసి మూడో రోజు. ఆయన పెట్టుబడి నీళ్ళల్లో ఉంది, మాది మాట మాత్రమే. ఆ తేడా నేను మర్చిపోలేదు.

పేనుకు ఒక బలహీనత ఉంది. ఆడపేను గుడ్లు పెట్టేటప్పుడు చేపను వదిలి, నీళ్ళల్లో గట్టి వస్తువు వెతుక్కుని దానికి అంటిస్తుంది. మన చెరువుల్లో ఆ గట్టి వస్తువు మేత సంచులు కట్టే వెదురు కర్రే. మాస్టారు ఒక కర్ర పీకించి చూపించారు. నీటి మట్టానికి జానెడు కింద పసుపు చారల్లా వరసలు వరసలుగా గుడ్లు. ఆ వేడి నీళ్ళల్లో రెండు వారాలు తిరిగేలోపు అవి పిల్లలవుతాయి. కాబట్టి వారానికోసారి కర్రలన్నీ పీకి, గట్టు మీద ఎండబెట్టి, ఆరిన రెండో జత పాతాలి. అదనంగా పాత చెక్కపలకలు తాళ్ళకు వేలాడదీసి వాటినీ అలాగే తిప్పాలి. కర్రల వరసను రెండు జతలుగా చేయడానికి వెదురు ఖర్చు మా గ్రూపు పెట్టుకుంది. కర్రలు మోసే కూలీ బాబాయి గారిది.

పేను ఒక్కసారిగా పోలేదు. మొదటి తిప్పుడుకు తేడా తెలియలేదు. మూడో తిప్పుడు తర్వాత చేప సంచి దగ్గరకు రావడం మొదలైంది. మకాం పుస్తకంలో మేత అంకెలు మళ్ళీ పెరిగాయి. కొద్దిగా పేను ఇప్పటికీ ఉంది. ఉండనివ్వండి, చేప ఎదుగుతోంది కదా అని బాబాయి గారే అన్నారు. పక్క చెరువులో ఆయన తమ్ముడు మందు కొట్టారు, అక్కడా పేను మళ్ళీ వచ్చింది. ఆయన కూడా వచ్చి మా కర్రలు చూసి వెళ్ళారు.

ఉత్తర కార్తె

మొదటి పట్టుబడికి ముందు నీళ్ళు, చేప శాంపిల్ భీమవరంలో ల్యాబ్‌కి పంపాం. రిపోర్టులో పట్టించుకోవాల్సినదేమీ లేదని వచ్చాకే వల దింపాం. ఈ నియమం ఇకమీద మారదు.

సన్న వల గడ్డి అంచు వెంబడి లాగారు. బాగా చిన్నవాటిని వదిలేసి, చిటికెన వేలు దాటినవే తీశాం. పదిహేను రోజులకోసారి ఇలా కొంత కొంత తీస్తేనే మిగిలినవి ఎదిగి పిల్ల పెడతాయి. ఒక్కసారే ఊడ్చేస్తే అయిపోతుంది. రెండు బుట్టలు నిండాయి. పట్టిన ఆడవాళ్ళ వాటా పంచుకోగా మిగిలింది ఊళ్ళోనే, కాలువ గట్టు వీధిలో అమ్మారు. అరగంట పట్టలేదు.

వంట దగ్గర పెద్ద చర్చ జరిగింది. మన అలవాటు ప్రకారం పరిగెలను రాళ్ళఉప్పు వేసి గరుకు గిన్నెలో రుద్ది, తల గిల్లి, పొట్ట నొక్కి పారేస్తాం. తల గిల్లితే అసలు సరుకు పోతుందని నేను చెప్పాను. అంతా విన్న ఒక పెద్దామె, "పేగు ఉంటే చేదొస్తుంది నాయనా, చేదొస్తే పిల్లలు ముట్టరు" అన్నారు. ఆమె మాటే నిలిచింది. తల ఉంచి, పొట్ట మాత్రం నొక్కి తీయాలని, చింతచిగురు దొరికిన రోజుల్లో అది, లేనప్పుడు చింతపండు పులుసు చిక్కగా పెట్టి సన్న సెగ మీద ఉడికించాలని తేల్చారు. అలా చేస్తే తల నోట్లో కరిగిపోతుంది. బాలింతలకు వేపుడు కాకుండా ఇగురు చేసిపెడతామన్నారు. నాలుగైదేళ్ళ పిల్లలకు అన్నంలో కలిపి పెట్టడానికి ముళ్ళ భయం ఉంది. మెత్తగా నూరిన చేపను పప్పులో కలిపితే ఎలా ఉంటుందో ఒకామె చేసి చూపించారు. బాగుంది.

ఎండబెట్టి దాచడం గురించి కూడా అడిగారు. ఎండలో ఆరిస్తే కాల్షియం నిలుస్తుంది, విటమిన్ ఏ చాలావరకు పోతుంది. కాబట్టి పచ్చివే తినాలి, మిగిలితేనే ఎండబెట్టాలి.

చిత్త కార్తె

ముసురు. ఎండ లేక నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోయింది. తెల్లవారుజామున మీటరు పెడితే లీటరుకు 2 మిల్లీగ్రాములే. పరిగెలు ముందే గట్టు అంచుకు చేరి నోళ్ళు పైకెత్తాయి. వాటిని చూసి కాపలా కుర్రాడు శీలావతి తేలకముందే ఇంజను వేసి నీళ్ళు తిప్పాడు. రెండు రోజులు మేత ఆపేశాం. శీలావతి ఒక్కటీ పోలేదు. మోలా కొన్ని పోయాయి.

కార్తీక మాసం

ఊళ్ళో చేప అడిగేవాళ్ళు లేరు. పట్టుబడి ఆపి చెరువులోనే ఉంచాం. కోల్‌కతా వెళ్ళే చేపకు కార్తీకం అడ్డు రాదు, మా చిన్న చేపకు వస్తుంది. ఊరి మీదే ఆధారపడే పంటకు ఊరి పంచాంగం కూడా లెక్కలోకి తీసుకోవాలి. చలి ముదిరితే ఇవి పిల్ల పెట్టడం ఆగిపోతుంది కాబట్టి కార్తీకం వెళ్ళగానే ఎక్కువ తీయాల్సి ఉంటుంది.

సంక్రాంతి వెళ్ళాక

రెండు చెరువుల్లోనూ శాంపిల్ తూకం. మా చెరువులో శీలావతి సగటు తొమ్మిది వందల గ్రాములు దాటింది. పక్క చెరువులో అంతకు ఇరవై గ్రాములు ఎక్కువ. తవుడు మా చెరువులో కాస్త ఎక్కువే పట్టింది, మందుల ఖర్చు పక్క చెరువులో ఎక్కువైంది. ఒక్క జత చెరువుల లెక్కతో నిరూపణ అయిందని నేను అనను. నేల, నీరు, గాలివాటం ఏ రెండు చెరువులకూ ఒకటి కాదు. కనీసం నాలుగైదు జతల్లో, రెండు పంటలు చూడాలి. బాబాయి గారు మాత్రం లెక్క చూసి, ఇరవై గ్రాముల తేడా వెనకబడినట్టు కాదని, ఒప్పందం ప్రకారం సగం వాటా ఇచ్చేయమన్నారు.

మాఘ మాసం

చుట్టుపక్కల రైతులు మకాం దగ్గర కూర్చున్నారు. ఎన్ని చెరువులకు పాకించగలం అన్నదే మాట.

అన్ని చెరువులూ దీనికి పనికిరావని ముందే చెప్పాం. వనామి రొయ్యల చెరువుల్లో కుదరదు. రోగాల భయంతో అక్కడ నీటిని బ్లీచింగ్ చేసి, మరో జీవి లేకుండా చూసుకోవడమే పద్ధతి. ఫంగస్ చేప (పంగాసియస్), రూప్‌చంద్ ఉన్న చెరువుల్లోనూ వద్దు. రెండూ దొరికింది తింటాయి, రూప్‌చంద్‌కు పళ్ళు కూడా ఉన్నాయి. మిగిలేవి శీలావతి చెరువులు. డెల్టాలో అవి తక్కువేం కాదు.

పరిగె పిల్లను దూరం తీసుకెళ్ళడం కష్టం, దారిలోనే పోతుంది. అందుకని ఐదారు చెరువులకు కలిపి ఒక తల్లి చెరువు ఉండాలి. అర ఎకరం నర్సరీ చాలు. దానికి ఇప్పపిండి తగలకూడదు, వేసవిలో ఎండగట్టకూడదు. కాలువ కట్టేసిన నెలల్లో దానిలో నీళ్ళు నిలపడమే అసలు ఖర్చు. ఆ ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గర గంటసేపు ఆగాం. పంచాయతీ చెరువును తల్లి చెరువుగా అడుగుదామని ఒకరన్నారు. మంచి మాటే. అయితే మంచినీటి చెరువు జోలికి పోకూడదు, వాడకం చెరువైతేనే అడగాలి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది కౌలు. ఇక్కడ చెరువు చేసేవాళ్ళలో చాలామంది కౌలుదార్లు. ఎకరాకు కౌలు చెల్లించి, అప్పు తెచ్చి, పంట పోతే ఊరు వదిలే పరిస్థితిలో ఉన్నవాళ్ళను గడ్డి అంచు వదలండి, మందు మానండి అని అడగడానికి మనకేం హక్కుంది? పేను కర్రల పద్ధతితో వాళ్ళకు మందుల ఖర్చు తగ్గుతుందని చూపించగలిగితే అది ఒక ఆసరా. పట్టే హక్కు ఆడవాళ్ళకు నోటిమాటగా ఉంటే చెరువు చేయి మారగానే పోతుంది. కాగితం మీద ఉండాలి. మే నెలలో కౌలు పత్రాలు రాసుకునేటప్పుడే ఒక షరతు చేర్చడానికి ముగ్గురు భూయజమానులు ఒప్పుకున్నారు: తూర్పు గట్టు గడ్డి అంచు వదలాలి, పదిహేను రోజులకోసారి చిన్న చేప పట్టుకునే హక్కు గ్రూపుకు ఉండాలి, చెరువులో మందు వాడితే ముందు చెప్పాలి, ఆ తర్వాత ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా పట్టకూడదు.

నాలుగో ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. ఆయనకు డ్రెయిన్ పక్కన ఎనిమిదెకరాలుంది, మందు నీళ్ళు పైనుంచి వస్తే తనకేం సంబంధమని అడిగారు. ఆ డ్రెయిన్‌లోకి ఎగువ చెరువులన్నీ నీళ్ళు వదులుతాయి, ఆయన ప్రశ్న న్యాయమైనది. ఆ ఒక్క చెరువుకు డ్రెయిన్ నీళ్ళు ఎత్తిపోయకుండా కాలువ నీళ్ళతోనే నింపగలమా అని మాస్టారు తూము మట్టాలు కొలుస్తున్నారు. కుదిరితే వచ్చే పంటలో నాలుగు చెరువులు, కుదరకపోతే మూడు. హాపా గుడ్డ, వెదురు కర్రలకు ఆర్డర్ మూడింటికే ఇచ్చాం.